ఫ్రీమేసన్ లాడ్జీ మెట్లెక్కిన నరేంద్రుడు

ఆదోని: చేతులు కట్టుకుని, తలపాగా చుట్టుకుని, ఎదుటివారి కళ్ళలోకి సూటిగా చూసే స్వామి వివేకానందుని పటం చూడనివారు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఉండరు. బడి గోడకు ఉంటుంది, యువజన సంఘం గదిలో ఉంటుంది, కొన్నిచోట్ల కాఫీ హోటల్లో కూడా ఉంటుంది. షికాగో సభలో ఆయన మాట్లాడిన సంగతి చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. కాని ఆ పటంలోని మనిషి కాషాయం కట్టకముందు, 21 ఏళ్ళ వయసులో, కలకత్తాలో ఫ్రీమేసన్ లాడ్జీలో సభ్యుడిగా చేరాడన్న సంగతి తెలిసినవారు బహు తక్కువ. తెలిసిన కొందరు కూడా ఆ మాట పైకి అనడానికి జంకుతారు. ఫ్రీమేసన్లంటే దేవుడు లేనివారని, తలుపులు బిగించుకుని క్షుద్రపూజలు చేస్తారని ఏనాటి నుంచో ప్రచారం ఉండడమే అందుకు కారణం.

ఆ ప్రచారంలో నిజమెంత, లాడ్జీకీ మతానికీ గల సంబంధమేమిటి, అందులో అడుగుపెట్టిన యువకుడు ఆ తర్వాత ఏ దారిన నడిచాడు అన్నవి తెలుసుకోదగిన విషయాలు. ఆ దారి మన ఆదోని రైలు స్టేషన్ మీదుగా కూడా సాగింది.

మేస్త్రీల సంఘం

మేసన్ అంటే ఇంగ్లీషులో రాతిపని, తాపీపని చేసే మేస్త్రీ. పూర్వం ఇంగ్లండు, స్కాట్లండు దేశాల్లో పెద్దపెద్ద చర్చీలు కట్టే రాతి మేస్త్రీలు పని జరిగే చోట పాక వేసుకుని ఉండేవారు. ఆ పాక పేరే లాడ్జీ. పని నేర్చినవాడెవడో నేర్వనివాడెవడో తెలియడానికి వారికి కొన్ని గుర్తులు, సంకేతాలు ఉండేవి. కాలక్రమంలో రాయి ముట్టని పెద్దమనుషులు కూడా ఆ సంఘాల్లో చేరారు. మేస్త్రీ పని పోయి, మేస్త్రీ పేరు మిగిలింది. 1717లో లండన్‌లోని నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జీ ఏర్పరచుకున్నాయని వారి చరిత్ర చెపుతుంది. 1723లో నిబంధనల పుస్తకం అచ్చయింది.

వారి చిహ్నాలు నేటికీ మేస్త్రీ పనిముట్లే. మూలమట్టం, కంపాసు, దారానికి కట్టిన గుండు, నడుముకు తోలు గుడ్డ. మూలమట్టం పెట్టి గోడ చక్కగా ఉందో లేదో చూసినట్లు మనిషి తన నడతను చూసుకోవాలన్నది అందులోని భావం. చేరినవాడు మూడు మెట్లు ఎక్కాలి. మొదట శిష్యుడు, తర్వాత తోటి పనివాడు, ఆఖరున మేస్త్రీ. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు ఇది వింతగా తోచదు. కండెలు చుట్టే పిల్లవాడు పడుగు పని నేర్చి, చివరికి గుంట మగ్గంలో కూర్చున్నట్లే ఇదీ. తేడా అల్లా ఒకటే. నేతగాడికి చివర చీర దిగుతుంది, లాడ్జీలో మాట మాత్రమే ఉంటుంది.

ఇక మతం సంగతి. లాడ్జీ దేవాలయం కాదు, అక్కడ పూజారి లేడు, మోక్షం చూపిస్తామని ఎవరూ చెప్పరు. అయినా నాస్తికుడికి అందులో చోటు లేదు. పరమాత్ముడు ఉన్నాడని నమ్ముతున్నానని ఒప్పుకున్న తర్వాతనే లోపలికి రానిస్తారు. ఆ పరమాత్ముడు రాముడా, అల్లానా, ఏసు తండ్రియా అని అడగరు. జగత్తును కట్టిన మహా శిల్పి అని మాత్రమే పిలుస్తారు. ఎవరి పవిత్ర గ్రంథం మీద వారు చెయ్యిపెట్టి ప్రమాణం చేయాలి. లోపల కూర్చున్నంతసేపు మతం గురించి గాని రాజకీయం గురించి గాని వాదులాడరాదు. వాదులాట పెరిగితే సోదరభావం పోతుందని వారి భయం. ఈ పద్ధతి గిట్టక 1738లోనే రోమ్ పోపు కాథలిక్కులెవరూ ఫ్రీమేసన్లలో చేరరాదని ఆజ్ఞ ఇచ్చారు. ఇటు 1877లో ఫ్రాన్సు లాడ్జీల వారు దేవుణ్ణి నమ్మాలన్న నిబంధననే తీసివేయగా, ఇంగ్లండు వారు ఫ్రెంచివారితో పొత్తు తెంచుకున్నారు. దేవుడి పేరు అడగకపోయినా, దేవుడు లేడంటే మాత్రం వారు ఒప్పుకోలేదన్న మాట. కాబట్టి దేవుడు లేనివారన్న ప్రచారం ఇంగ్లీషు లాడ్జీలకు వర్తించదు.

తలుపు వేసుకోవడం మాత్రం నిజమే. అందువల్లనే ఉర్దూ, హిందీ మాట్లాడే ఊళ్ళల్లో లాడ్జీ భవనాన్ని జాదూ ఘర్, అనగా మాయల ఇల్లు అనేవారు. కిటికీలు మూసి, రాత్రిపూట దీపాలు పెట్టి దొరలు లోపల ఏం చేస్తున్నారో తెలియకపోతే జనం ఊరుకుంటారా? కథలు అల్లారు. దాచిన కొద్దీ అనుమానం పెరగడం లోకసహజం.

మన దేశంలో

కలకత్తాలో 1730లో, మద్రాసులో 1752లో కుంపిణీ వారు లాడ్జీలు పెట్టుకున్నారు. మొదట్లో అన్నీ తెల్లవారివే. ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమ్రా 1775లో తిరుచిరాపల్లిలో ఫ్రీమేసన్‌గా చేరాడు. మన దేశస్థుల్లో మొదట చేరినవాడుగా ఆయన్ను చెప్పుకుంటారు. లండన్ గ్రాండ్ లాడ్జీ వారు సంతోషించి ఆయనకు మేసన్ల నడుము గుడ్డ, నిబంధనల పుస్తకం కానుకగా పంపారు. 1801లో ఆయన చనిపోగానే కుంపిణీ వారు ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నారు. నడుము గుడ్డ రాజ్యాన్ని కాపాడలేదు. దానికి ముందు ఏడాది, 1800లో, మన ఆదోని సీమ నిజాం చేతి నుంచి కుంపిణీ చేతికి వచ్చింది.

హైదరాబాదులో 1872లో నిజాం ప్రభుత్వం గోషామహల్ బారాదరిని ఫ్రీమేసన్లకు ఇచ్చింది. గోలకొండ ఆఖరు సుల్తాను తానీషా కాలంలో కట్టిన భవనమది. అది నేటికీ మేసన్ల లాడ్జీయే. సికింద్రాబాదు దండులో అంతకు ముందే తెల్ల సైనికాధికారుల లాడ్జీలుండేవి.

హిందువుల విషయంలో మాత్రం చాలాకాలం చిక్కు వచ్చింది. ముసల్మాను, పార్సీ ఒక్క దేవుణ్ణి నమ్ముతారు కనుక సరే, ఇందరు దేవుళ్ళకు మొక్కే హిందువు ఏ దేవుడి మీద ప్రమాణం చేస్తాడు, ఏ గ్రంథం మీద చెయ్యి పెడతాడు అని కలకత్తా మేసన్ పెద్దలు అడ్డుపుల్ల వేశారు. ప్రసన్న కుమార్ దత్ అనే వంగదేశస్థుడు 1863లో దరఖాస్తు పెట్టుకున్నారు. ఒక దేవుడే అన్ని రూపాల్లో ఉన్నాడని హిందువు నమ్మకమని ఆయన వాదం. కాగితాలు కలకత్తాకూ లండన్‌కూ తిరిగాయి. తొమ్మిదేళ్ళ తర్వాత 1872లో ఆయన్ను చేర్చుకున్నారు. దరఖాస్తు పెట్టిన 1863లోనే, అదే కలకత్తాలో, మరో దత్ గారింట నరేంద్రనాథుడు పుట్టాడు. ప్రసన్న కుమార్ దత్ తొమ్మిదేళ్ళు తట్టిన తలుపు కాబట్టే ఈ నరేంద్రుడికి తట్టగానే తెరుచుకుంది.

హుక్కా గొట్టాలు

నరేంద్రుడు 1863 జనవరి 12న కలకత్తాలోని సిమ్లా పేటలో జన్మించాడు. తండ్రి విశ్వనాథ దత్ హైకోర్టు అటార్నీ. తల్లి భువనేశ్వరీదేవి రామాయణ భారతాలు కొట్టినపిండి చేసిన ఇల్లాలు. తండ్రి బాగా సంపాదించేవారు, అంతకు మించి ఖర్చు చేసేవారు. పారసీ పద్యాలన్నా, బైబిలన్నా, ముసల్మానుల వంటలన్నా ఆయనకు ఇష్టం. ఇంటికి అన్ని కులాల, మతాల కక్షిదారులు వచ్చేవారు.

వచ్చినవారి కోసం చావడిలో వరుసగా హుక్కాలు పెట్టి ఉండేవి. కులానికొకటి, ముసల్మానులకు వేరొకటి. ఒకరిది ఒకరు ముట్టుకుంటే కులం పోతుందని పిల్లవాడు నరేంద్రుడు విన్నాడు. కులం ఎట్లా పోతుందో చూడాలనిపించింది. ఎవరూ లేని సమయం చూసి ఒక్కొక్క గొట్టం నోట పెట్టి పీల్చాడు. తండ్రి వచ్చి చూసి ఏమిటిదని అడిగితే, కులం పోతుందేమోనని చూస్తున్నానన్నాడట. తండ్రి నవ్వి ఊరుకున్నారు. ఇంటి ముందు రెండు గ్లాసుల పద్ధతి చూసిన పల్లెవాసులకు ఈ కథ వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

కాలేజీ చదువులో పడ్డాక నరేంద్రుడికి పాశ్చాత్య తత్వశాస్త్రం వంటబట్టింది. బ్రహ్మసమాజంలో చేరాడు, విగ్రహారాధన తప్పన్నాడు. పెద్దలు ఎవరు కనిపించినా దేవుణ్ణి కళ్ళతో చూశారా అని అడిగేవాడు. మహర్షిగా పేరుపొందిన దేవేంద్రనాథ ఠాకూరును కూడా అడిగాడు. సూటి జవాబు రాలేదు. 1881 చివర దక్షిణేశ్వరంలో కాళికాలయ పూజారి రామకృష్ణ పరమహంసను అడిగితే, చూశానని, నిన్ను చూస్తున్నదానికన్నా స్పష్టంగా చూశానని జవాబు వచ్చింది. ఆ పూజారి అంతకు పూర్వమే ఇస్లాము పద్ధతిలో కొన్నాళ్ళు, క్రైస్తవ పద్ధతిలో కొన్నాళ్ళు సాధన చేసి, దారులు వేరైనా చేరే చోటు ఒకటేనని తేల్చుకున్నవాడు. నరేంద్రుడు వెంటనే లొంగలేదు. రావడం, వాదించడం, వెళ్ళిపోవడం, మళ్ళీ రావడం. ఇట్లా కొన్నేళ్ళు గడిచాయి.

1884

తండ్రి ఆలోచన వేరు. కొడుకు న్యాయశాస్త్రం చదివి అటార్నీ కావాలి. అందుకు స్నేహితుడైన నిమాయి చరణ్ బసు అనే అటార్నీ దగ్గర పనిలో పెట్టారు. ఫ్రీమేసన్ లాడ్జీలో చేర్చాలన్న తలంపు కూడా తండ్రిదేనని స్వామి జీవిత చరిత్రకారులు చెపుతారు. జడ్జీలు, వకీళ్ళు, పెద్ద ఉద్యోగులు కలిసే చోటది. పరిచయాలుంటే వకీలు వృత్తిలో పైకి రావచ్చు. నేడు పట్టణాల్లో యువ వకీళ్ళు పెద్దవారి క్లబ్బుల్లో చేరడం వంటిదే. కుర్రవాడు దేవుణ్ణి వెతుక్కుంటూ లాడ్జీకి వెళ్ళలేదు. అది వేరే చోట జరుగుతున్నది.

1884 ఫిబ్రవరి 19న ఆంకర్ అండ్ హోప్ అనే లాడ్జీలో నరేంద్రనాథ దత్ మొదటి మెట్టు ఎక్కాడు. కళ్ళకు గంత కట్టి, మెడలో తాడు వేసి కొత్త సభ్యుణ్ణి లోపలికి తీసుకురావడం మేసన్ల ఆచారం. చీకటిలో ఉన్నవాడికి వెలుగు చూపడం దాని భావం. ఆపదలో ఎవరిని నమ్ముకుంటావని అక్కడ అడుగుతారు. దేవుణ్ణని చెప్పాలి. దేవుణ్ణి చూశారా అని ఊరంతా అడిగిన కుర్రవాడు ఆ రోజు తానే జవాబు చెప్పవలసి వచ్చింది.

వారం దాటకముందే తండ్రి గుండె ఆగి చనిపోయారు.

ఆ ఇంటి మీద అప్పులున్న సంగతి అప్పుడు బయటపడింది. నిన్నటిదాకా తిని వెళ్ళినవారు ముఖం చాటేశారు. దాయాదులు ఇంటి కోసం కోర్టుకెక్కారు. తల్లి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళను సాకవలసిన భారం నరేంద్రుడి మీద పడింది. చెప్పులు లేని కాళ్ళతో, చినిగిన బట్టలతో కలకత్తా ఎండలో కచేరీ కచేరీకీ దరఖాస్తు పట్టుకుని తిరిగాడు. ఇంట్లో తిండి చాలదని తెలిసిన రోజున, స్నేహితుడింట భోజనానికి పిలిచారని తల్లికి అబద్ధం చెప్పి పస్తుండేవాడు. కరువు చూసిన మన సీమ ఇళ్ళల్లో ఇట్లాంటి అబద్ధాలు ఎన్ని చెప్పి ఉంటారో లెక్కలేదు.

ఆ కష్టాల్లోనే ఏప్రిల్ 15న లాడ్జీలో రెండవ మెట్టు, మే 20న మూడవ మెట్టు ఎక్కాడు. మేస్త్రీ అయ్యాడు. సోదరులనుకున్న పెద్దమనుషులున్నా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. అటార్నీ కచేరీలో కొంత పని, కొన్ని తర్జుమాలు, ఈశ్వరచంద్ర విద్యాసాగరుల బడిలో కొన్నాళ్ళు ఉపాధ్యాయ పని. అంతే. లాడ్జీ చెడ్డదని కాదు. ఆకలితో ఉన్నవాడి కోసం కట్టిన ఇల్లు కాదది.

ఆ రోజుల్లోనే రామకృష్ణులు అతణ్ణి కాళికాలయంలోకి పంపారు. ఇంటి బాధలు తీరమని అమ్మవారిని నువ్వే వేడుకో అన్నారు. నరేంద్రుడు లోపలికి వెళ్ళాడు. విగ్రహం ముందు నిలబడగానే డబ్బు సంగతి మరచి జ్ఞానం, వైరాగ్యం ఇమ్మని అడిగి వచ్చాడు. గురువు మళ్ళీ పంపారు. మళ్ళీ అదే. మూడోసారీ అంతే. బియ్యం, గుడ్డ అడగడానికి నోరు రాలేదు. చివరికి ఆ ఇంటికి ముతక కూడు, ముతక గుడ్డకు లోటుండదని గురువే మాట ఇచ్చారు. విగ్రహాన్ని కాదన్న బ్రహ్మసమాజీ ఆ రాత్రి విగ్రహం ముందు కూర్చుని తెల్లవార్లూ పాడాడు.

1886 ఆగస్టు 16న పరమహంస దేహం చాలించారు. నరేంద్రుడు మరికొందరు యువకులతో బరానగరంలో పాడుబడిన ఇంట్లో మఠం పెట్టి సన్యాసం తీసుకున్నాడు. లాడ్జీ, వకీలు వృత్తి, పెద్దల పరిచయం అన్నీ వెనుక మిగిలాయి.

ఆదోని మీదుగా

ఆ తర్వాత దేశమంతా కాలినడకన, రైలులో తిరిగారు. రాజుల మేడల్లోనూ మాదిగల ఇళ్ళల్లోనూ ఉన్నారు. 1892 డిసెంబరులో కన్యాకుమారి చేరి, అక్కడి నుంచి మద్రాసు వచ్చారు. మద్రాసు యువకులు అళసింగ పెరుమాళ్ నాయకత్వంలో ఆయన్ను అమెరికా పంపాలని చందాలు పోగు చేయసాగారు. ఇంతలో హైదరాబాదు వారు పిలిచారు.

నాడు మద్రాసు నుంచి హైదరాబాదు పోవాలంటే నేటిలాగా నెల్లూరు, బెజవాడ మీదుగా రైలు దారి పూర్తి కాలేదు. ఉన్న దారి ఒక్కటే. అరక్కోణం, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని, రాయచూరు, అక్కడి నుంచి వాడి జంక్షను, హైదరాబాదు. 1871లో పూర్తయిన దారి అది. కనుక 1893 ఫిబ్రవరిలో హైదరాబాదు పోతూ ఒకసారి, తిరిగి మద్రాసు వస్తూ ఒకసారి, ఏప్రిల్‌లో ఖేత్రి సంస్థానానికి బొంబాయి మీదుగా పోతూ మరోసారి, స్వామి మన ఆస్పరి, ఆదోని, కోసిగి నేలలు దాటి, తుంగభద్ర వంతెన మీదుగా సాగారు. అప్పుడీ ప్రాంతం కర్నూలు జిల్లాలో లేదు. బళ్ళారి జిల్లాలో ఆదోని తాలూకా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకనే ఇటు వచ్చింది. ధాత కరువు ముగిసి అప్పటికి పదిహేనేళ్ళే. ఆ కరువులో బళ్ళారి, కర్నూలు జిల్లాల పల్లెలు ఖాళీ అయ్యాయి. దేశంలో పస్తులుండేవారి కోసం ఏదైనా చేయాలన్న తపన ఆ ఏడు ఆయనకు నిద్రపట్టనివ్వలేదు.

ఫిబ్రవరి 10న హైదరాబాదు స్టేషన్లో సుమారు 500 మంది ఎదురుచూశారు. నిజాం సర్కారు ఇంజనీరు మధుసూదన్ చటర్జీ ఇంట బస. 12వ తేదీన నవాబు ఖుర్షీద్ జా పిలిచారు. నిజాంకు బావమరిది వరస, సంస్థానంలో మొదటి శ్రేణి జాగీర్దారు. ఇద్దరూ రెండు గంటలకు పైగా హిందూ, ఇస్లాము, క్రైస్తవ మతాల గురించి మాట్లాడుకున్నారు. రూపం లేని దేవుణ్ణి నమ్మే నవాబుకు విగ్రహారాధన ఎందుకో అర్థం కాలేదు. మనసు నిలపడానికి మనిషికి ఏదో ఒక ఆసరా కావాలని స్వామి వివరించారు. లాడ్జీలో ఇట్లాంటి చర్చే నిషిద్ధం. ఇక్కడ నవాబు మేడలో అది రెండు గంటలు సాగినా ఎవరి సోదరభావమూ చెడలేదు. నవాబు 1000 రూపాయలు ఇవ్వబోయారు. సమయం వచ్చినప్పుడు అడుగుతానని స్వామి పుచ్చుకోలేదు.

13న సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో ఉపన్యాసం. సుమారు 1000 మంది వచ్చారు, అందులో దొరలు కూడా చాలామంది ఉన్నారు. పడమటి దేశాలకు తాను ఎందుకు వెళ్ళదలచిందీ ఆయన ఆ సభలో చెప్పారు. ఆయన జీవితంలో అంతటి బహిరంగ సభలో మాట్లాడడం అదే మొదలు. షికాగో కీర్తికి ఏడు నెలల ముందు ఆ గొంతు విన్నది తెలుగు నేల మీద కూడిన సభ అన్నది మనం మరవరాదు. ఆ మర్నాడు బేగంబజారు వర్తకులు ప్రయాణానికి డబ్బు ఇస్తామని ముందుకొచ్చారు.

హైదరాబాదులో మరో వింత జరిగింది. మాయలు చేస్తాడని పేరున్న ఒక బ్రాహ్మణుణ్ణి చూడబోతే అతడు జ్వరంతో ఉన్నాడు. సాధువు చెయ్యి తల మీద పెడితే జ్వరం తగ్గుతుందని అతడి నమ్మకం. స్వామి పెట్టారు. తగ్గాక అతడు వచ్చాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ ఉంచలేదు. చలికి స్వామి ఇచ్చిన కంబళి కప్పుకుని మూల కూర్చున్నాడు. పాతిక మంది చూస్తుండగా, ఎవరేమడిగితే అది కంబళి కింద నుంచి తీశాడు. ద్రాక్ష గెలలు, నారింజలు, చివరికి మంచు తడి ఆరని గులాబీలు. అతడి బరువుకు రెండింతలుండే పళ్ళు. అందరూ తిన్నారు. ఇదెట్లా అని అడిగితే అంతా హస్తలాఘవమని అతడే చెప్పాడు. వట్టి హస్తలాఘవం అనడానికి స్వామికి మనసొప్పలేదు. ఇది మనసుకు గల శక్తి అయి ఉండాలని, దానిని శాస్త్రంలాగా పరీక్షించాలని తర్వాత అమెరికాలో ఈ కథ చెప్పి వివరించారు. అయినా అట్లాంటి మాయల వెంట పడవద్దనే ఆయన బోధ. 1896లో అచ్చయిన రాజయోగం పుస్తకంలో, యోగంలో రహస్యమనే పేరుతో దాచేది ఏదైనా సరే వెంటనే విడిచిపెట్టాలని కచ్చితంగా రాశారు. మూడు మెట్లు ఎక్కి రహస్యం కాపాడతానని ప్రమాణం చేసిన మనిషి రాసిన మాట ఇది.

17న బయలుదేరినప్పుడు స్టేషన్లో 1000 మందికి పైగా వచ్చారు.

చేరనన్న సంఘం

అమెరికాలో తెలిసినవారెవరూ లేరు. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు కర్నల్ ఆల్కాట్ ఉన్నాడు. ఆయన అమెరికా వాడు, ఆయనా ఫ్రీమేసనే. సర్వమానవ సోదరత్వం ఆ సమాజం ఆశయం. మన గుత్తి, బళ్ళారి పట్టణాల్లో కూడా దానికి శాఖలుండేవి. స్వామి వెళ్ళి పరిచయ పత్రం అడిగారు. మా సమాజంలో చేరతారా అని ఆల్కాట్ అడిగాడు. మీరు చెప్పేవాటిలో చాలా నేను నమ్మను, ఎట్లా చేరతాను అని స్వామి అన్నారు. అయితే ఉత్తరం ఇవ్వలేనని జవాబు. ఈ సంగతి 1897లో మద్రాసు సభలో స్వామియే బయటపెట్టారు. ఉత్తరం కోసం సంతకం పెడితే పోయేదేముంది అని లోకజ్ఞానులు అనవచ్చు. 21 ఏళ్ళప్పుడు తండ్రి మాట మీద ఒక సంఘంలో చేరిన మనిషి, 30 ఏళ్ళకు ఆ పని మళ్ళీ చేయలేదు.

1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. జూలై ఆఖరుకు షికాగో చేరితే సభ సెప్టెంబరులో అని తెలిసింది. పరిచయ పత్రం లేనివారికి ప్రవేశం లేదన్నారు, ప్రతినిధుల పేర్లు ఇచ్చే గడువు కూడా దాటింది. చేతిలో డబ్బు కరిగిపోయింది, చలికి తగిన బట్ట లేదు. బోస్టన్ ప్రాంతంలో హార్వర్డు ప్రొఫెసరు రైట్ పరిచయమై, ఆయనే ఉత్తరం రాసి, టిక్కెట్టు కొనిచ్చి పంపారు. షికాగోలో దిగాక చిరునామా కాగితం పోయింది. రాత్రి రైలు యార్డులో ఖాళీ పెట్టెలో పడుకుని, తెల్లవారి ఇల్లిల్లూ తిరిగితే తలుపులు ముఖాన వేశారు. వీధి పక్కన కూర్చున్న ఆయన్ను హేల్ అనే ఇల్లాలు చూసి లోపలికి పిలిచి అన్నం పెట్టి సభకు తీసుకువెళ్ళింది.

సెప్టెంబరు 11న సభ మొదలైంది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. అన్ని మతాలూ నిజమేనన్నది లాడ్జీ లోపల కూడా అనుకునే మాటే. తేడా ఏమిటంటే, లాడ్జీలో ఎవరి దేవుడి పేరు వారు బయట విడిచి లోపలికి రావాలి. షికాగోలో స్వామి తన దేవుడి పేరు, తన గురువు దారి, తన దేశం వేషం ఏదీ విడవకుండా వేల మంది ఎదుట నిలిచారు. హిందువు హిందువుగా, ముసల్మాను ముసల్మానుగా, క్రైస్తవుడు క్రైస్తవుడిగా ఉంటూనే ఒకరిది ఒకరు గౌరవించుకోవచ్చునన్నారు. ఈ రెండు దారుల్లో స్వామి దారే కష్టమైనది. పేరు చెప్పకుండా కలిసి కూర్చోవడం సులువు. పేరు చెప్పి కూడా పోట్లాడకుండా కూర్చోవడమే కష్టం. సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, రణమండల కొండ మీద ఆంజనేయుడు ఒకే ఊళ్ళో ఉన్న ఆదోని వారికి, ఆ సిద్దీ మసూద్ ఖానే రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చాడని చెప్పుకునే మంత్రాలయం వారికి ఈ రెండవ దారి కొత్తదేమీ కాదు.

మరో తేడా కూడా చెప్పుకోవాలి. లాడ్జీలో ఆడవారికి చోటు లేదు. చందా కట్టలేని బీదవాడికీ లేదు. ఆయన 1897లో తిరిగి వచ్చి ఊరూరా తిట్టింది సరిగ్గా ఇట్లాంటి మూసిన తలుపులనే. మతం దిగజారి వంట కుండలోకి, ముట్టుకోకు అనే మాటలోకి చేరిందని అగ్రకులాల వారి ఎదుటనే అన్నారు. ఆ మాటలకు చాలామందికి కోపం వచ్చింది.

1897 మే 1న రామకృష్ణ మిషన్ స్థాపించారు. కరువు పనులు, వైద్యం, చదువు దాని పని. అందులో చేరడానికి కళ్ళకు గంతలు లేవు. గంగ ఒడ్డున బేలూరులో మఠానికి స్థలం కొన్నారు. గుడి, మసీదు, చర్చి మూడింటి పోలికలూ కలిసేట్లు అక్కడ ఒక ఆలయం కట్టాలని ఊహించి, ఇంజనీరుగా పనిచేసి సన్యాసి అయిన విజ్ఞానానందుల చేత నమూనా గీయించారు. కట్టించడానికి ఆయుష్షు చాలలేదు. మధుమేహం, ఉబ్బసం పీడించగా 1902 జూలై 4న, 40 నిండకుండానే కన్నుమూశారు. ఆ రాతి ఆలయం 1938 జనవరి 14న పూర్తయి ప్రతిష్ఠ జరిగింది.

ఆంకర్ అండ్ హోప్ లాడ్జీ నేటికీ కలకత్తాలో ఉంది. 1961 నవంబరు 24న భారతదేశానికి సొంత గ్రాండ్ లాడ్జీ ఏర్పడినప్పుడు దానికి ఒకటవ నెంబరు ఇచ్చారు. గ్రాండ్ లాడ్జీ బల్ల మీద ఇప్పుడు భగవద్గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథ సాహెబు, పార్సీల జెంద్ అవెస్తా అయిదూ పక్కపక్కన ఉంచుతారు. ఆ లాడ్జీ పాత సభ్యుల వరుసలో 1884 ఫిబ్రవరి 19 తేదీన చేరిన పేరు నరేంద్రనాథ దత్ అనే ఉంటుంది. వివేకానందుడన్న పేరు అప్పటికి ఇంకా పెట్టలేదు.